గేట్లెత్తారంటే ఇంటి నిండా చుట్టాలే

నాలుగో తరగతిలో సముద్ర తీరం మీద పది వాక్యాలు రాయమంటే నేను మా ఊరి గురించి రాశాను. ఊరి పేరులోనే సాగరం ఉంది, ఇంటి వెనక గుట్ట ఎక్కితే అవతలి ఒడ్డు మసకగా తప్ప కనిపించనన్ని నీళ్ళున్నాయి, పడవలున్నాయి, వలలున్నాయి. ఇంకేం కావాలి? టీచరు నవ్వి, నా పలక మీద కాకుండా నెత్తి మీద మెల్లగా ఒకటి వేసి, "సముద్రం ఉప్పగా ఉంటుంది నాయనా, మనం రోజూ తాగేది ఇవే నీళ్ళు" అంది. నాకు నమ్మకం కుదరలేదు. ఆ సాయంత్రం చేపలమ్మే పెద్దమ్మను అడిగాను. వాళ్ళది విశాఖ వైపు సముద్రపు ఒడ్డు. అక్కడి నుంచి కొన్ని కుటుంబాలు వలలు భుజాన వేసుకుని వచ్చి సాగర్ ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి. ఆమె బొచ్చె పొలుసు తీస్తూ చెప్పింది: "సముద్రమైతే నువ్వు వెళ్ళకపోయినా నీ కాళ్ళ దగ్గరికి తానే వస్తుంది బాబూ. ఇది రాదు. కూర్చుని ఉంటుంది."

నాగార్జునసాగర్ నీళ్ళ గురించి ఇంతకన్నా సరిగ్గా చెప్పినవాళ్ళను నేను ఇప్పటివరకు చూడలేదు.

మాది హిల్ కాలనీ. నల్లగొండ జిల్లాలో, కృష్ణకు ఎడమ గట్టున. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన చోట స్తంభం ఉన్నది పైలాన్ కాలనీ. ఆనకట్ట దాటితే కుడి గట్టున విజయపురి సౌత్, అది అప్పట్లో గుంటూరు జిల్లా. ఈ మూడూ ఊళ్ళని మేం అనుకునేవాళ్ళం గానీ, నిజానికి ఏదీ ఊరు కాదు. ఊరంటే దానికో బొడ్రాయి ఉండాలి, చెరువు ఉండాలి, ఊరికి ముందు పుట్టిన ఒక కథ ఉండాలి. మాకేమో ముందు ఒక నక్షా పుట్టింది. దాన్నిబట్టి వీధులు, వీధులనుబట్టి క్వార్టర్లు, క్వార్టర్లనుబట్టి మనుషులు.

ఎవరైనా కొత్తవాళ్ళు పరిచయమైతే మా కాలనీలో అడిగే మొదటి ప్రశ్న ఇంటిపేరు కాదు. "మీది ఏ టైపు?" అనేవాళ్ళు. క్వార్టరు టైపు తెలిస్తే ఆయన జీతమెంతో, ఇంట్లో ఎన్ని గదులో, పెరట్లో మామిడిచెట్టుకు చోటుందో లేదో, వాళ్ళమ్మాయి మాతో తొక్కుడుబిళ్ళ ఆడుతుందో ఆడదో అన్నీ తెలిసిపోయేవి. ఇంజనీర్లు గుట్ట మీద గాలి తగిలే చోట, మాబోటి వాళ్ళు కింద రేకుల వరుసల్లో. ఒక వరుసలోని ఇళ్ళన్నీ అచ్చు ఒక్కలాగే ఉండేవి. తలుపుల రంగు కూడా ఒకటే, ఎందుకంటే ఆ రంగు డబ్బా వచ్చేది ఒకే స్టోరు నుంచి. మా తాత ఒకసారి పట్టపగలు మూడిళ్ళ అవతల ఇంట్లోకి వెళ్ళి, మంచం మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, చెంబు తిరిగిచ్చేటప్పుడు గానీ అది మా ఇల్లు కాదని గుర్తించలేదు. ఆ ఇంటావిడ కూడా ఏమీ అనలేదు. వాళ్ళ మామగారూ అంతకుముందు మా ఇంట్లో అలాగే భోంచేసి వెళ్ళాడు.

తాతది నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీ ఉంటాడని పేరు కదా, ఆ పేరు తెచ్చిన వేలమందిలో తాతా నాయనమ్మా కూడా ఉన్నారు. వానలు లేని ఒక ఏడాది గుంపు మేస్త్రీ ముందుగా కొంత డబ్బు చేతిలో పెట్టి, ఊళ్ళోంచి ఇరవై మందిని లారీ ఎక్కించాడట. నాన్నకప్పుడు ఏడేళ్ళు. లారీలో తన పక్కన ఒక మేకపిల్ల కూడా ఉందని, అది దారిలోనే మాయమైందని, ఆ రాత్రి అందరికీ కూర దొరికిందని నాన్న ఎప్పుడు చెప్పినా చివర్లో గొంతు కాస్త తగ్గించేవాడు.

సాగర్ ఆనకట్టకు రాతితో కట్టిన వాటిలో ప్రపంచంలోనే పెద్దదన్న పేరుంది. ఎత్తు 124 మీటర్లు. ఆ రాయీ రాయీ మనుషుల భుజాల మీదే ఎక్కింది. బండరాయిని తాళ్ళతో వాసానికి కట్టి, నలుగురు మోస్తూ పరంజా మీదుగా పైకి. వెనకే ఆడవాళ్ళు మాలు తట్టలతో. నాయనమ్మ నడినెత్తిన వెంట్రుకలు ఉండేవి కావు. ఆ చోటును అరచేత్తో తడిమి చూపిస్తూ "ఇక్కడుంది మీ డ్యాము" అనేది. మాకు నవ్వొచ్చేది. పిల్లలం.

తాత మాత్రం డ్యాము గొప్పలు చెప్పేవాడు. ఆనకట్ట మీదికి తీసుకెళ్ళినప్పుడల్లా కిందికి వేలు చూపించి, "అదిగో, ఆ గేటు కింద మూడో వరుసలో పెద్ద రాయి నేను పెట్టిందే" అనేవాడు. ఆ గేటు నంబరు ఒకసారి తొమ్మిది, ఇంకోసారి పదహారు, దసరాకు చుట్టాలొచ్చినప్పుడు ఇరవై. "పోయినసారి తొమ్మిదన్నావు కదా తాతా" అంటే, "నేనేమన్నా ఒక్క రాయే పెట్టానా?" అని గద్దించేవాడు. ఆ మాటకు మాదగ్గర జవాబు లేదు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు నీళ్ళు వదిలిన నాడు కూలీలందరికీ పండగలా ఉందని తాత, ఎండలో నిలబెట్టారని నాయనమ్మ, ఇద్దరూ చెరో రకంగా చెప్పేవాళ్ళు. కుడి కాలువకు జవహర్‌లాల్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. పని అయిపోయాక మేస్త్రీలు గుంపుల్ని ఎత్తుకుని పైన కట్టే శ్రీశైలానికి కదిలారు. తాత కదలలేదు. వాచ్‌మన్ ఉద్యోగం దొరికింది. ఆ పని కూడా వచ్చింది నాయనమ్మ ఇంజనీరుగారి భార్యను బతిమాలితేనని తర్వాత తెలిసింది. అలా మేం సాగర్‌వాళ్ళమయ్యాం. నాన్న పెద్దయ్యాక గేట్ల విభాగంలో వర్క్‌ఛార్జ్డ్, అంటే పని పద్దు మీద జీతమొచ్చే, ఉద్యోగిగా చేరాడు. ఇరవయ్యారు గేట్లు, ఒక్కొక్కటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. ఎండాకాలమంతా వాటికి గ్రీజు పూయడం, తుప్పు గీకడం, రంగు వేయడం. నాన్న చొక్కాలన్నిటికీ గ్రీజు వాసన ఉండేది. ఇప్పటికీ ఏ సైకిలు షాపు ముందు నుంచి వెళ్ళినా ఒక్క క్షణం నాన్న ఇంటికొచ్చినట్టే ఉంటుంది.

ఇక గేట్లు ఎత్తే రోజు. దాని గురించి చెప్పకుండా ఈ రాతకు అర్థం లేదు.

జూలైలో పైనుంచి వరద మొదలైందంటే కాలనీలో అందరి నోటా అంకెలే. "ఐదువందల డెబ్భై రెండైంది", "ఎనభై నాలుగైంది". అడుగుల లెక్క అది. 590 నిండితే నిండినట్టు. కూరగాయల దగ్గర, మంగలి దుకాణంలో, ఆఖరికి బడిలో హాజరు పిలిచే ముందు కూడా ఇదే. క్రికెట్ స్కోరు అడిగినంత సహజంగా నీటిమట్టం అడిగేవాళ్ళు. 588 దాటాక నాన్న ఇంటికి రావడం మానేసేవాడు. టిఫిను డబ్బా నేనే సైకిల్ మీద పట్టుకెళ్ళేవాణ్ణి. తర్వాత ఒక తెల్లవారుజామున సైరన్ మోగేది. కింద ఏటిలో ఎవరైనా ఉంటే పైకి రమ్మని. ఆ సైరన్‌కు కుక్కలు కూడా వంతపాడేవి. సైరన్ ఆగిన కాసేపటికి నేల లోపలినుంచి ఒక చప్పుడు మొదలయ్యేది. ముందు చెవికి కాదు, కాళ్ళకు తెలిసేది. అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. అమ్మ వాటి మధ్య పాత గుడ్డ ముక్కలు దోపేది. ఆ గుడ్డలు ఏడాదంతా దాచేది కూడా.

దగ్గరికి వెళితే మాట వినిపించదు. నీళ్ళు కిందపడి మళ్ళీ పొగలా లేచి, తుంపర గాలికి కొట్టుకొచ్చేది. ఎండ కాస్తే అందులో ఇంద్రధనుస్సు. ఉతికిన బట్టలు వారమైనా ఆరేవి కావు, ఇంట్లో అన్నిటికీ చెమ్మ వాసన. దిగువన రాళ్ళ మధ్య చేపలు చిక్కుకునేవి. మా పక్కింటి అన్న ఒకసారి తన ఎత్తులో సగం ఉన్న రవ్వను భుజాన వేసుకుని వీధంతా తిరిగాడు. వాళ్ళింట్లో మాంసాహారం తినరు. ఊరికే చూపించడానికి తిరిగాడు.

ఇక చుట్టాలు! హైదరాబాదు నుంచి, నల్లగొండ నుంచి, దేవరకొండ నుంచి, పాలమూరు నుంచి బస్సులకు బస్సులు. మూడేళ్ళుగా ఉత్తరం ముక్క రాయనివాళ్ళు కూడా ఆ వారం మమ్మల్ని గుర్తుచేసుకునేవాళ్ళు. రెండు గదుల క్వార్టరులో ఒకసారి పద్నాలుగుమంది పడుకున్నాం. "అక్కడ ఒక గేటెత్తితే ఇక్కడ మన పొయ్యి మీదికి ఇంకో గిన్నె ఎక్కాలి" అని అమ్మ సణిగేది. సణుగుతూనే జొన్నరొట్టెలు చేసేది, చేపల పులుసు పెట్టేది, వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టేది. ఆనకట్ట దారి పొడవునా మిరపకాయ బజ్జీలు, కాల్చిన మొక్కజొన్న కంకులు, వేయించిన చేపలు. అక్టోబరుకు ఆ బండ్ల స్థానంలో తండాల నుంచి లంబాడీ ఆడవాళ్ళు సీతాఫలాల గంపలతో దిగేవాళ్ళు.

చుట్టాల్లో అమ్మ సణగనిది ఒక్క మా అత్తమ్మ వచ్చినప్పుడే. ఆమెను మర్రిగూడ వైపు ఇచ్చారు. అక్కడి బావి నీళ్ళలో ఫ్లోరైడ్. మామయ్య నలభై ఏళ్ళకే నడుం వంగిపోయాడు, వాళ్ళ పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు. అత్తమ్మ మా ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా కొళాయి దగ్గరికి వెళ్ళి, దోసిలిపట్టి తాగేది. "తియ్యగున్నాయి" అనేది. మాకు నీళ్ళు తియ్యగా ఉంటాయని తెలియదు, అవి నీళ్ళంతే. తిరిగి వెళ్ళేటప్పుడు నూనె డబ్బా కడిగి దాని నిండా నీళ్ళు పట్టుకుని బస్సెక్కేది. ఒకసారి కండక్టరు డబ్బాకు టికెట్ తీసుకోమన్నాడు. "మా అన్న ఊరి నీళ్ళకు నేను టికెట్ తీయాలా?" అని ఆమె దబాయిస్తే, బస్సులో సగంమంది ఆమె వైపే మాట్లాడారు. వాళ్ళవి కూడా ఆ ఊళ్ళే. ఇన్ని నీళ్ళు మా ఇంటి ముందు నుంచి కోస్తాకూ ఖమ్మానికీ పోతుంటే, పట్టుమని వంద కిలోమీటర్లు లేని ఊళ్ళకు చేరడానికి అన్ని దశాబ్దాలు పట్టడమేమిటో నాకు ఇవాళ్టికీ మింగుడుపడదు. ఆ ఊళ్ళకు ఇప్పుడు కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. మామయ్యకు మాత్రం అందలేదు.

ఏడో తరగతిలో నాగార్జునకొండకు లాంచీలో తీసుకెళ్ళారు. అవతలి ఒడ్డు రేవు నుంచి ప్రయాణం. నడినీళ్ళలో ఉండగా సోషల్ సారు ఇంజను చప్పుడుకు మించి అరుస్తూ, "ఇప్పుడు మన కింద ఇక్ష్వాకుల రాజధాని ఉంది, దాని పేరు విజయపురి" అన్నారు. అందరం పడవ అంచుకు వంగి చూశాం. ఆకుపచ్చ నీళ్ళు తప్ప ఏమీ లేదు. నీళ్ళు నిండకముందే ఆ లోయనంతా తవ్వి, దొరికిన విహారాలనూ స్తూపాలనూ ఎత్తి కొండ మీదికి, ఒడ్డునున్న అనుపు అనే చోటికి చేర్చి మళ్ళీ పేర్చారని, ఇటు మన వైపు ఏలేశ్వరం కూడా అలాగే తవ్వకాల తర్వాత మునిగిందని చెప్పారు. మ్యూజియంలో అర్ధచంద్రం వంటి మెట్లు, పాలరాతి వంటి తెల్లటి బొమ్మలు చూశాం గానీ నాకవేవీ సరిగా గుర్తులేవు. గుర్తున్నది తిరుగు ప్రయాణంలో నా పక్కవాడు అడిగిన ప్రశ్న: "సార్, అక్కడున్న మామూలు ఇళ్ళవాళ్ళు ఏమయ్యారు?" సారు మునక గ్రామాల గురించి ఏదో చెప్పి, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఆయనది కూడా మునిగిన ఊరేనని మాకు పదో తరగతిలో తెలిసింది.

చదువు కోసం 1990లో హైదరాబాదు వచ్చేశాను. ఇక అక్కడినుంచి నా ఊరు సెలవులకు వెళ్ళే ఊరైంది. వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి తగ్గేది. కట్టడం ఎప్పుడో అయిపోయింది, కొత్త ఉద్యోగాలు లేవు. పదవీ విరమణ అయినవాళ్ళు సామాను లారీకెత్తి పిల్లల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు. ఖాళీ క్వార్టర్ల కిటికీలు ముందు పోయేవి, తర్వాత తలుపులు, ఆ తర్వాత రేకులు. అధికారుల బంగళాల పెరళ్ళలో వేపమొక్కలు గోడలను చీల్చుకుని లేచాయి. నేను క్రికెట్ ఆడిన మైదానంలో ఒక ఏడాది తుమ్మలు మోకాలెత్తు, రెండేళ్ళకు తలెత్తు. నీళ్ళు లేకుండానే మునిగిపోవడం అంటే ఇలాగే ఉంటుందేమో. ఎదురుగా జలాశయం కూడా పూడుతూనే ఉంది. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేది, ఒండ్రు చేరి ఇప్పుడు 312 అంటున్నారు.

2009 అక్టోబరు వరద నాటికి నాన్న రిటైరై మూడేళ్ళు. శ్రీశైలానికి ఎన్నడూ ఎరగని వరద వస్తోందని, కర్నూలు మునిగిందని టీవీలో చెబుతున్నారు. నేను ఫోను చేసి వచ్చేయమన్నాను. "ఇరవయ్యారు గేట్లుంటే నేనెక్కడికి వస్తాను?" అన్నాడు, వాటిని తనొక్కడే ఎత్తాలన్నట్టు. రెండు రాత్రులు కండువా చుట్టుకుని ఆనకట్ట దగ్గరే నిలబడ్డాడట. ఎవరూ ఆయన్ను ఏమీ చేయమనలేదు. ఎవరూ వెళ్ళమని కూడా అనలేదు.

కొత్తవీ వచ్చాయి, లేవనను. 2022లో బుద్ధవనం తెరిచారు, 270కి పైగా ఎకరాల్లో. బాగుంది, శుభ్రంగా ఉంది, మహాస్తూపం గుమ్మటం కింద నిలబడితే మనసు కాస్త ఆగుతుంది. మా చిన్నప్పుడు అదంతా రాళ్ళూ పొదలూ, మేం రేగుపళ్ళు ఏరుకున్న చోటు. 2018లో కాలనీలన్నిటినీ కలిపి నందికొండ మున్సిపాలిటీ చేశారు. ఆ పేరు వినగానే తాత గుర్తొచ్చాడు. ఈ పథకం కాగితాల మీద మొదట నందికొండ ప్రాజెక్టే. తాత చచ్చేదాకా సాగర్ అనలేదు, "నందికొండ పనికొచ్చాం" అనే అన్నాడు. ఇక హైదరాబాదులో మా ఇంటి కొళాయికి వచ్చేది కూడా సాగర్ వెనక జలాల నుంచి తోడిన కృష్ణే. పొద్దున్నే బిందె నిండుతుంటే అప్పుడప్పుడూ ఒక దోసెడు తాగి చూస్తాను. అత్తమ్మ చెప్పిన తీపి నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

మొన్న వానాకాలం గేట్లెత్తారని తెలిసి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. విశాఖలో రెండుసార్లు సముద్రం చూసిన పిల్ల. కారు దిగగానే "ఇసుక ఏది నాన్నా?" అంది. చేపల పెద్దమ్మ గుడిసెలుండే వైపు వెళ్ళి వెతికాను. ఆమె మనవడట, ఒకతను వల బాగుచేసుకుంటున్నాడు. పుట్టింది ఇక్కడే, సముద్రం ఒక్కసారే చూశాడట, అదీ పెళ్ళికి వెళ్ళినప్పుడు. "చాలా చప్పుడండీ" అన్నాడు.

ఆనకట్ట మీదికి సైకిల్ మీద టిఫిను డబ్బాతో వెళ్ళినవాణ్ణి కదా, ఆ అలవాటుతోనే నడిచాను. గేటు దగ్గర ఆపేశారు. ఇప్పుడు ఆనకట్ట రెండు రాష్ట్రాల మధ్య ఉంది. 2023 నవంబరు 30న, ఇక్కడ ఎన్నికల పోలింగు జరగాల్సిన రోజున, తెల్లవారకముందే అవతలి పోలీసులు వచ్చి నడిమధ్యన 13వ గేటు దగ్గర ముళ్ళకంచె వేయడం, తర్వాత కేంద్ర బలగాలు దిగడం అందరూ పేపర్లో చదివిందే. కాపలా ఉన్న కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. దూరం నుంచి చూసుకోండి అన్నాడు.

"మేం ఇక్కడివాళ్ళమే" అన్నాను.

"ఏ వైపు?"

వెంటనే చెప్పలేకపోయాను. క్వార్టరు ఎడమ గట్టున. నాగార్జునకొండ లాంచీ ఎక్కింది కుడి గట్టున. అమ్మాయి కడ్డీల మధ్యనుంచి తల దూర్చి, పొగలా లేస్తున్న నీళ్ళను చూస్తూ, "తాతయ్య వాళ్ళ నాన్న పెట్టిన రాయి ఏ గేటు కింద ఉంది నాన్నా?" అని గట్టిగా అరిచింది. ఆ హోరులో నాకే సగం వినిపించింది. తొమ్మిదో, పదహారో, ఇరవయ్యో. వేలెత్తి గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదమూడు దగ్గర తుంపర అడ్డొచ్చి లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.